చచ్చిన నంబరు

ఆమెని వీధి వీధంతా నంబర్లక్క అంటుంది. అరవై ఒకటి నిండాయి. మనవల్ని ఎత్తుకున్న వాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు, ఆమె పలుకుతుంది. పనేమిటంటే, పాత తుపాకి తెచ్చి బల్ల మీద పెడితే దాని నంబరు చదివి, అది ఏ ఏడాదిలో తయారైందో చీటీ రాసిస్తుంది. డాక్టర్లు వయసడిగి జబ్బు చెప్తారు, నేను జబ్బు చూసి వయసు చెప్తాను అంటుంది. ఆ మాట రోజుకొకసారైనా అనాలి, నవ్వేవాళ్ళు ఎదురుగా లేకపోయినా సరే.

ఊరికి ఆ చివర ఒకప్పుడు తుపాకుల ఫ్యాక్టరీ ఉండేది. మూతపడి ముప్పై ఏడేళ్ళయింది. ఒకటో నంబరుతో మొదలుపెట్టి అరవై ఒక్క వేలదాకా చేశారు, అన్నీ వేటకి వాడే రెండు గొట్టాల తుపాకులే. వాటి మీద నంబరుంటుంది తప్ప ఏడాది ఉండదు. మూసేసేటప్పుడు రిజిస్టర్లన్నీ చెత్తకాగితాల లారీ ఎక్కాయి. ఇప్పుడు ఎవరింట్లో అటక మీద ఓ తుపాకి బయటపడ్డా, లైసెన్సుల ఆఫీసు వాళ్ళు ముందడిగేది ఎప్పటిదని. వాళ్ళు గీసిన గీత కంటే ముందుదైతే గోడకి తగిలించుకోవచ్చు, తర్వాతదైతే అప్పజెప్పాలి. ఆ ముక్క తేల్చగలిగే మనిషి ఈమె ఒక్కతే. ఎందుకంటే ఆ అరవై వేలలో సగానికి పైగా నంబర్లు కొట్టింది వాళ్ళ నాన్న.

కొట్టడమంటే నిజంగా కొట్టడమే. కుడిచేత్తో ఉక్కు అచ్చు పట్టుకుని ఎడమచేత్తో సుత్తి. అంకెకి ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బ పడితే అంకెకి నీడ వస్తుంది, ఆ పనిలో వాళ్ళకి అంతకంటే పరువు తక్కువ ఇంకోటి లేదు. ఎడమచేతి వాటం కాబట్టి ఆయన అంకెలన్నీ ఎడమకి ఒరిగి ఉంటాయి, గాలికి వంగిన గడ్డిలాగా. రోజూ ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా కొట్టాడో ఇంటికొచ్చి నోటుబుక్కులో రాసుకునేవాడు. పదకొండు నోటుబుక్కులు. నంబర్లక్క ముప్పై ఏళ్ళ వయసులో కూర్చుని వాటినుంచి ఓ పట్టిక తయారు చేసుకుంది. రోజువారీ లెక్కలు చీమల బారులా ఉన్నాయని, సగటు తీసి వారానికి అరవై ఆరు అని వేసుకుంది. నంబరు చెప్తే చాలు, భాగహారం నోట్లోనే అయిపోతుంది.

పెళ్ళయింది. ఏడాదిన్నర. "ఇది నాతోకంటే తుపాకులతో ఎక్కువ మాట్లాడుతుంది" అని మొగుడు వెళ్ళిపోయాడు. అబద్ధమేం కాదు.

ఇల్లు మేడ మీద, కొట్టు కింద. ఆ మేడ వాళ్ళు దిగినప్పుడు కొత్తది, ఇప్పుడు మెట్లు మధ్యలో అరిగి గుంటలు పడ్డాయి. వాళ్ళమ్మకి ఎనభై నాలుగు. మోకాళ్ళు పనిచేయక ఐదేళ్ళ నుంచి ఆవిడ కిందే, కొట్టు వెనక గదిలో మంచం వేసుకుంది. చెవులు కూడా పోయాయి. తలుపు విరగ్గొట్టినా వినపడదు, పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. కానీ రోజూ మధ్యాహ్నం మూడింటికి తలెత్తి, "మీ నాన్న మొదలుపెట్టాడు" అంటుంది.

"ఏంటమ్మా?"

"వినపడట్లా? ఐదు దెబ్బలు. ఆగుతాడు. మళ్ళీ ఐదు."

నాన్న పోయి పాతికేళ్ళు. నంబర్లక్కకి ఏ దెబ్బలూ వినపడవు. ముసలితనం అనుకుని ఊరుకుంది.

ఆ ముసలావిడ ఆయన బతికుండగా పందొమ్మిదేళ్ళు ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఒకే ఇంట్లో, ఒకే గదిలో. ఆయన ఎదురుగా కూర్చుని ఉంటే కూతురి వైపు తిరిగి, "మీ నాన్నకి చెప్పు, కంచం పెట్టానని" అనేది. ఆయన కూతురితో, "విన్నానని చెప్పమ్మా" అనేవాడు. మధ్యలో నంబర్లక్క టపా కట్టలా ఇటూ అటూ తిరిగింది.

దానికి కారణం ఒక సోమవారం. ఇప్పటికి నలభై నాలుగేళ్ళు.

అమ్మకి ఒక్కడే తమ్ముడు. ఎప్పుడూ ఈల వేస్తూనే ఉండేవాడని ఫ్యాక్టరీలో ఈలగాడు అనేవాళ్ళు, నంబర్లక్కకి ఈల మామయ్య. ఇరవై ఆరేళ్ళు. టెస్టు గదిలో పని. ప్రతి తుపాకినీ ఇనుప చట్రంలో బిగించి, మామూలు కంటే రెట్టింపు మందు దట్టించి, గది బయట నిలబడి తాడు లాగి పేల్చాలి. పగలకుండా నిలబడితే గొట్టాలు మడతపడే ఇనుప దిమ్మ మీద చిన్న నక్షత్రం ముద్ర వేయాలి. ఆ నక్షత్రం పడ్డ తర్వాతే నాన్న నంబరు కొట్టాలి. పద్ధతి అది. ఒక్కో తుపాకికి అరగంట పట్టేది.

ఆ సోమవారం ఎవరో పెద్దమనుషులు ఫ్యాక్టరీ చూడ్డానికొచ్చారు. తయారైనవి వరసగా నిలబెట్టిన చోట ఒకాయన ఓ తుపాకిని వేలు పెట్టి చూపించి, దీన్ని పేల్చు బాబూ అన్నాడు. మామయ్య తీశాడు, తూటా పెట్టాడు, భుజానికెత్తుకున్నాడు. ఎడమ గొట్టం చీలిపోయింది. ఈల మామయ్య ఆ నేల మీదే పోయాడు.

వారం రోజుల విచారణ తర్వాత బోర్డు మీద కాగితం అంటించారు. టెస్టు కాని తుపాకికి, నక్షత్రం లేకుండానే నంబరు కొట్టేశారని, ఆ నంబరు చూసి నమ్మి పిల్లాడు ఎత్తుకున్నాడని. నాన్నని పిలిచి అడిగితే ఒక్క మాటే అన్నాడట, "నంబరు కొట్టింది నేనే" అని. సుత్తి లాక్కుని పెట్టెలు కట్టే గదికి పంపారు. అక్కడ కూడా పెట్టెల్లోకి పోయే నంబర్లు రోజూ నోటుబుక్కులో రాసుకోవడం ఆయన మానలేదు. మనిషిని చంపిన తుపాకి కొలిమిలోకి పోవాలి, దాని నంబరు ఇంకో తుపాకికి ఇవ్వకూడదు, అది అక్కడి ఆచారం. చచ్చిన నంబరు అంటారు. ఫ్యాక్టరీ బతుకు మొత్తంలో అలాంటివి నాలుగే. ఇది ముప్పై ఎనిమిది వేల నాలుగు వందల పదిహేడు. నంబర్లక్క పట్టికలో ఎర్ర సిరాతో ఉంటుంది.

ఊళ్ళో వాళ్ళందరి తుపాకుల పుట్టుక చెప్పే మనిషికి, బతుకంతా తెలుసుకోవాలనుకున్న సంగతి ఒక్కటే. ముందు నక్షత్రం పడిందా, ముందు నంబరు పడిందా? నాన్నని అడిగింది, ఒకే ఒక్కసారి. ఆయన గొట్టం తుడుస్తూ, "కొలిమిలో పడ్డదాన్ని ఎలా చదువుతావమ్మా" అన్నాడు. అంతే. తర్వాత పని నేర్పాడు. ముందు గొట్టం మూతి వాసన చూడమన్నాడు, అన్నిటికంటే ముందు అదే. ఆ తర్వాత నక్షత్రం చూడమన్నాడు. తను మొదటి అంకెని నక్షత్రం చివరి మొనని కొరికేట్టు కొట్టేవాణ్ణని చూపించాడు. "నక్షత్రాన్ని ముట్టుకోని అంకె నాది కాదు" అన్నాడు. అది చాలదా అంటే, ఆ ఒక్క తుపాకి చూడకుండా ఎలా చాలుతుంది?

మొన్న వానలు వెలిసిన తర్వాత గోనె బాబాయి వచ్చాడు. ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళ దగ్గర పాత సామాను కొంటాడు, ఏది తెచ్చినా గోనెలో చుట్టి తెస్తాడు. ఆయన ఈమెని అక్కా అంటాడు, ఈమె ఆయన్ని బాబాయ్ అంటుంది. ఆ వరసలు కలిపితే ఎవరికెవరు ఏమవుతారో దేవుడికే తెలియాలి.

"ఇదిగో అక్కా, ఇంకో ముసలిది" అని గోనె విప్పాడు.

"నీకంటే ముసలిదా?"

"దానికి తుప్పు లేదు మరి. ఎల్లుండికి చీటీ కావాలి, ఆఫీసులో చూపించాలి." వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు. "ఒక మాట. ఇది ఏ ఇంట్లోనూ నిలవలేదట. ఆరు చేతులు మారింది. ఒక్కడూ పేల్చలేదట."

"ఎందుకని?"

"భుజానికెత్తుకుంటే చెంప చల్లబడుతుందట. వాళ్ళన్నారు. నేనెత్తలేదు. నాకు మోయడమే వచ్చు, ఎత్తడం రాదు."

"నీ మొహం" అని పంపించేసింది.

అలవాటు కొద్దీ మూతి వాసన చూసింది. నూనె వాసన. భుజానికెత్తి చెంప ఆనించింది. ఇనుముకి దూరంగా, చెక్కకి ఆనించిన చెంప. చెక్క చల్లగా ఉండకూడదు, ఇది ఉంది. అంతకంటే ఇంకోటుంది. తన చెంప ఆనించిన చోట ఇంకెవరి చెంపో ముందే ఉన్నట్టు, తను వాళ్ళని పక్కకి నెట్టుతున్నట్టు అనిపించింది. దించేసింది. కిటికీ పక్కన గోడకి నిలబెట్టి, బల్ల సర్దుకోడం మొదలుపెట్టింది.

"ఈల వేసిందెవరే?" వెనక గదిలోంచి అమ్మ.

నంబర్లక్క చెవి ఒగ్గింది. నిజమే, సన్నగా ఈల. కిటికీ గాలి గొట్టాల మూతుల మీదుగా పోతోంది. చిన్నప్పుడు సీసా మూతి మీద ఊదినట్టు. నవ్వుకుంది. రెండు గుడ్డపీలికలు చుట్టి రెండు మూతుల్లోనూ కుక్కింది. ఈల ఆగింది. ఆ తర్వాత ఆలోచన వచ్చింది, తలుపు చప్పుడే వినపడని మనిషికి ఇదెలా వినపడింది?

"ఇంకా వేస్తున్నాడు" అంది అమ్మ.

గొట్టాలు ఊడదీసింది. కింది చెక్క విప్పి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, సుద్దపొడి రుద్ది, దీపం పక్కనుంచి పెట్టింది. అంకెలు తెల్లగా లేచాయి. నిటారుగా ఉన్నాయి, నాన్నవి కావు. మూడు, ఎనిమిది, నాలుగు, ఒకటి, ఏడు. నోట్లోనే భాగహారం చేసుకుంది, చీటీ మీద ఏడాది వేసేసింది కూడా. నెల సరిచూసుకుందామని పట్టిక తీసింది. వేలు కిందికి జారుతూ జారుతూ ఎర్ర సిరా దగ్గర ఆగిపోయింది.

మళ్ళీ తుడిచింది, మళ్ళీ సుద్ద రుద్దింది. అదే నంబరు.

ప్రతి తుపాకికీ నంబరు మూడు చోట్ల ఉంటుంది. గొట్టాల కింద, దిమ్మ మీద, చెక్క లోపలి వైపు. మూడూ ఒకటైతే ఒక తల్లి బిడ్డలు, లేకపోతే సవతి కాపురం, అని వచ్చినవాళ్ళతో జోకు వేస్తుంటుంది. ఇప్పుడు జోకు గుర్తు రాలేదు. దిమ్మ తుడిచింది. అక్కడి అంకెలు ఎడమకి ఒరిగి ఉన్నాయి, గాలికి వంగిన గడ్డిలాగా.

అప్పుడు బల్ల మీది సుద్దపొడి కదిలింది. చిన్నగా ఎగిరి పడింది. ఆగింది, మళ్ళీ ఎగిరింది. ఐదుసార్లు. బల్లకి ఆనించిన మోచేతిలోకి ఐదు దెబ్బలూ దిగాయి. గడియారం మూడు చూపిస్తోంది.

"మీ నాన్న మొదలుపెట్టాడు" అంది అమ్మ, రోజూ అన్నట్టే.

నంబర్లక్క ఇంక ఆ రోజు దీపం ఆర్పేసి కొట్టు మూసేసింది.

మర్నాడు పొద్దున్నే పగటి వెలుగులో మళ్ళీ విప్పింది. భయం ఉంది, కానీ చదవకుండా వదిలేస్తే అది తుపాకి కంటే పెద్ద దెయ్యమవుతుందని ఆమెకి తెలుసు. చెక్క లోపల సన్నని పగులు, జిగురు పెట్టి అతికించిన గుర్తు, నలభై నాలుగేళ్ళకి కూడా వదలని నల్లటి మరక. సంగతి అర్థమైంది. కొలిమిలో వేశామని కాగితం అంటించారు, చీలిన గొట్టాలే వేశారు. మిగతాదానికి కొత్త గొట్టాలు తొడిగి అమ్మేసుకున్నారు. ఆచారాలు గోడ మీద, పొదుపు కొట్టులో. ఇది ఈల మామయ్య చివరిసారి ముట్టుకున్న తుపాకి. నిన్న చెంప ఆనించిన చోటు గుర్తొచ్చి చెంప తుడుచుకుంది.

భూతద్దం తీసింది. దిమ్మ మీద నక్షత్రం ఉంది. లేదన్నారు విచారణలో. ఉంది. దాని పక్కనే మొదటి అంకె, మూడు. నక్షత్రం చివరి మొనని మూడు కొరికేసింది, తెగిన మొన అంచు అచ్చు కిందకి అణిగిపోయి ఉంది. అంటే నక్షత్రం ముందు. నంబరు తర్వాత. నాన్న పద్ధతి తప్పలేదు.

కుర్చీలోంచి లేచింది. కళ్ళలో నీళ్ళు. రెండడుగుల్లో అమ్మ గది. అమ్మా, నాన్న తప్పేం లేదే అని ఒక్క మాట. ఆ మాట కోసం ఆయన పందొమ్మిదేళ్ళు బల్ల అవతలి స్టూలు మీద కూర్చుని ఎదురుచూశాడు.

గుమ్మం దగ్గర ఆగిపోయింది. నక్షత్రం ముందు పడితే, నక్షత్రం వేసిందెవరు?

టెస్టు గదిలో ఉన్నది ఒక్కడే మనిషి.

రెట్టింపు మందు తట్టుకున్న గొట్టం ఆ సోమవారం మామూలు తూటాకి ఎందుకు చీలింది?

మేడ మీద పెద్ద చెక్క బీరువా ఉంది, నాన్న నోటుబుక్కులు అందులోనే. తన పట్టిక కాదు, ఆయన చేతిరాత కావాలి. ఏడో బుక్కు. ఆ సోమవారానికి ముందు వారం. సోమవారం పదకొండు, మంగళవారం పన్నెండు, పది, పన్నెండు, పదకొండు. శనివారం ఇరవై రెండు, చచ్చిన నంబరు వాటిలోనే.

ఆ పేజీని ఆమె ముప్పై ఏళ్ళ కిందటే చూసింది. చూసి, మొత్తం కలిపి, సగటులో కలిపేసింది. వారానికి అరవై ఆరు. ఆ శనివారం ఆ సగటులో ఉప్పు నీళ్ళలో కరిగినట్టు కరిగిపోయింది. అరగంటకొకటి పేల్చే గదిలోంచి ఒక్క రోజులో ఇరవై రెండెలా వస్తాయని, లెక్కలతోనే బతికిన మనిషికి తట్టలేదు.

అంకె పక్కన కాగితం గరుగ్గా ఉంది. రబ్బరుతో తుడిచిన చోటు. తుపాకికి పెట్టినట్టే దీపం పక్కనుంచి పెట్టింది. పెన్సిలు పోయినా నొక్కు పోదు. నాన్న అక్షరాలు, ఎడమకి ఒరిగి: "మధ్యాహ్నానికే అన్నీ వచ్చేశాయి. గొట్టాల్లో మందు వాసన లేదు. అడిగితే బావమరిది అయిందన్నాడు."

అయిందన్నాడు, నమ్మాడు. నమ్మాడో, బావమరిదిని ఏం నిలదీస్తాంలే అనుకున్నాడో. కొట్టేశాడు. ముందు వాసన చూడమ్మా అని కూతురికి జీవితాంతం ఎందుకు చెప్పాడో నంబర్లక్కకి ఇప్పుడు తెలిసింది. పేల్చకుండానే నక్షత్రాలు వేసుకుంటూ పోయింది మామయ్య. ఆ సోమవారం పెద్దమనుషుల ముందు, ఇది టెస్టు కాలేదండీ అని నోరు విప్పలేక భుజానికెత్తుకుంది మామయ్య. ఆ మాట బయటపెడితే నాన్న పరువు దక్కుతుంది, భార్యకి తమ్ముడి తలపు కూడా మిగలదు. ఆయన రబ్బరు తీసుకుని తుడిచేశాడు. నక్షత్రాలే అబద్ధమని తెలిస్తే ఏ తుపాకీ అమ్ముడుపోదు, అందుకే ఫ్యాక్టరీ అసలు నక్షత్రమే లేదనేసింది.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఆ శనివారపు ఇరవై రెండులో మూడు తుపాకులు తన బల్ల మీదకే వచ్చాయి, వేరే వేరే ఏళ్ళలో. చీటీలు రాసి, బాగున్నాయి, వాడుకోండి అని పంపింది.

ఆ పేజీ వదిలి మెట్లు దిగేసరికి మధ్యాహ్నమైంది, అమ్మ కొట్టులో ఉంది. గోడ పట్టుకుని, ఎన్నాళ్ళకో మంచం దిగి, బల్ల ముందు నిలబడి ఉంది.

"రాత్రంతా ఈలే. నిద్ర పోనివ్వలా" అంది. చూపు దిమ్మ మీద ఉంది. "ఏ నంబరే ఇది?"

చెప్పాల్సిన పని లేకపోయింది. ముసలావిడ వేలితో తడిమింది, ఐదంకెలూ, ఒక్కోటే. ఫ్యాక్టరీ ఇంటి మనిషి. ఆ అంకెలు ఆవిడకి చీకట్లో కూడా తెలుసు.

"కొలిమిలో వెయ్యలేదన్నమాట."

"లేదమ్మా."

"నీ అద్దంతో చూశావా?"

"చూశా."

"ముందు నక్షత్రమా, ముందు నంబరా?"

అరిగిపోయిందమ్మా, తెలీట్లేదు అంటే చాలు. నాన్న పందొమ్మిదేళ్ళు మోసినదాన్ని తను ఇంకో నాలుగేళ్ళు మోయలేదా? అమ్మకి మిగిలిందల్లా ఈలలు వేసే ఒక మంచి తమ్ముడు. అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ముప్పై ఏళ్ళలో ఒక్క తప్పుడు చీటీ రాయలేదు, తెలిసి. అమ్మ పెదాల వైపు చూస్తోంది, చెవులు లేనివాళ్ళు చూసినట్టు.

"నక్షత్రమే ముందు" అంది.

అమ్మ మొహంలో ఏం మారలేదు. చెయ్యి మాత్రం దిమ్మ మీద నుంచి చెక్క మీదకి, మరక దాకా జరిగింది.

"ఆ శనివారం నేనే రమ్మన్నాను" అంది. "మేడ మీదకి బీరువా ఎక్కించాలి, మధ్యాహ్నానికల్లా రారా, సాయంత్రమైతే చీకటి పడుతుంది అన్నాను. పనుందక్కా అన్నాడు. నీకు అక్కకంటే పనెక్కువా అన్నాను."

"అమ్మా..."

"ఒక్కడే వీపు మీద వేసుకుని ఎక్కాడు. ఈల వేసుకుంటూ." చెయ్యి వెనక్కి తీసుకుంది. "మీ నాన్నకి తెలుసా?"

"తెలుసు."

"నాతో చెప్పొచ్చుగా."

"నువ్వు మాట్లాడితేగా."

అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. అమ్మ తిట్టలేదు, ఏడవలేదు. బల్ల మీది సుద్దపొడి వైపు చూస్తోంది.

పొడి ఎగిరింది. మూడైంది. ఒక దెబ్బ. ఇంకోటి. బల్ల అవతల నాన్న స్టూలు ఖాళీగా ఉంది, తోలు మధ్యలో లోతుగా, ఎవరో అప్పుడే కూర్చున్నంత లోతుగా. మూడో దెబ్బ.

అమ్మ ఆ స్టూలు వైపు తిరిగింది. గొంతు సరిచేసుకుంది, ఎన్నాళ్ళగానో తీయని తలుపు తీసినట్టు.

"ఏమండీ" అంది. "ఇక చాలు. చేతులు కడుక్కుని రండి."

నాలుగో దెబ్బ పడలేదు.

ఆ మర్నాడు గోనె బాబాయి వస్తే నంబర్లక్క చీటీ ఇచ్చింది. ఏడాదే కాదు, నెల, తేదీ, వారంతో సహా రాసింది. ఇంతవరకూ ఎవరికీ అలా రాయలేదు. కింద, 'గొట్టాలు తర్వాత తొడిగినవి, టెస్టు కాలేదు, పేల్చకూడదు' అని.

"అయితే అప్పజెప్పాల్సిందేనా?" అన్నాడు.

"అప్పజెప్పెయ్. కరిగించేదాకా దగ్గరుండి చూడు."

"ఎవరిదక్కా ఇది?"

"మావాళ్ళదే" అంది. బాబాయి గోనె చుట్టి, భుజాన వేసుకోకుండా, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా పట్టుకుపోయాడు.

ఆ శనివారపు తుపాకులున్న ముగ్గురికీ ఉత్తరాలు రాసింది. ఇద్దరి దగ్గర్నుంచి జవాబొచ్చింది. మూడో ఉత్తరం, ఆ చిరునామాలో ఆ మనిషి ఇప్పుడు లేడని తిరిగొచ్చింది. పోయాడో, ఇల్లు మారాడో అందులో రాయలేదు. పట్టిక చింపేసింది. సగటు లేకుండా, రోజుకో వరస, మొదట్నుంచి మళ్ళీ రాస్తోంది.

మూడింటికి అమ్మ ఇప్పుడు తలెత్తి వినదు. ఈల సంగతి కూడా ఎత్తదు. కాకపోతే భోజనాల వేళ గోడ పట్టుకుని వచ్చి మూడు కంచాలు వేస్తుంది. మూడో కంచం పక్కన, కుడి వైపు, గ్లాసుతో నీళ్ళు పెడుతుంది. ఎదురుగా చూస్తూ చిన్న గొంతుతో ఏవేవో చెప్తుంటుంది. మెట్లు అరిగాయని, దుప్పటి చిరిగిందని, ఒకప్పుడు కూతురితో చెప్పి పంపిన మాటల్లాంటివే. నంబర్లక్క తల వంచుకుని తినేసి లేస్తుంది.

గిన్నెలు తోమేది ఆమే. మూడు కంచాలూ ఎంగిలివే ఉంటాయి. అమ్మ తినేది గుప్పెడు, అది కూడా తన కంచంలోనే. మూడో గ్లాసు ఖాళీ అయ్యి ఎడమ పక్కన ఉంటుంది.

నంబర్లక్క కడుగుతుంది. అడగదు.